ఒల్లనను హక్కు

గడచిన వేసవి సెలవులలో ఒకనాటి ఉదయమున నేను మా యింటి అరుగుపై కూర్చుండియుండగా, మా పాఠశాలలో చదివిన యొక పిల్లవాని తండ్రి నాలుగు మడతలు పెట్టిన కాగితమొకటి చేతబట్టుకొని వచ్చెను. ఒక బాటను వెడల్పు చేయుటకై ఫలానా సర్వే నంబరులలోని భూమిని తీసికొనబోవుచున్నారనియు, ఆక్షేపణలున్నవారు గడువులోగా తెలుపుకొనవచ్చుననియు అందుండెను. నేను సంస్కృతము చదివితిని, ఇంగ్లీషు చదివితిని. ఐనను ఆ తెలుగు నాకు రెండవ మాఱు చదివినగాని బోధపడలేదు.

అతడు ఇరువది యేండ్లకు పైగా ఎకరమున్నర నేలను కౌలుకు దున్నుకొనుచున్నాడు. "మేష్టారు బాబూ, నా పేరు ఇందులో ఉన్నాదా?" అని యడిగెను. వెదకితిని. సర్వే నంబరున్నది. విస్తీర్ణము సెంట్లతో సహా యున్నది. విశాఖపట్టణములో కాపురమున్న భూస్వామి పేరును, ఆయన తండ్రి పేరును ఉన్నవి. ఇతని పేరు లేదు. లేదని చెప్పితిని. "నా పేరే లేనప్పుడు నన్నెందుకు బాబూ లెమ్మంటన్నారు?" అని మఱల అడిగెను. అది వేళాకోళమునకు అడిగినది కాదు. నిజముగా తెలిసికొనగోరి అడిగినదే. ఇరువదియేండ్లకు పైగా పిల్లల ప్రశ్నలకు సమాధానములు చెప్పుచున్న నేను ఆ ప్రశ్నకు సమాధానము చెప్పలేక, మజ్జిగ తెప్పించి యిచ్చి, సాయంకాలము రమ్మని పంపివేసితిని.

ఆ పగలంతయు నేను ఆలోచించినదే యిక్కడ వ్రాయుచున్నాను. మొదట నొక సంగతి ఒప్పుకొనవలయును. ప్రజల రాకపోకలకు అవసరమైన నేలను, యజమానికి ఇష్టము లేకున్నను, ప్రతిఫలమిచ్చి తీసికొను అధికారము ప్రభుత్వమునకు ఉండవలసినదే. దీనిని కాదనువారు రైలెక్కుట మానివేయవలసియుండును. మా యెలమంచిలి మీదుగా పోవు తూర్పుతీరపు రైలుమార్గము 1893లో తెఱవబడినది. అంతకు ముందు 1880లో క్షామవిచారణసంఘము, కఱవు వచ్చినచోటికి ధాన్యము చేరవలెనన్న దేశమున రైళ్ళు విస్తరింపవలయునని గట్టిగా చెప్పియుండెను. మా ప్రాంతపు బెల్లము దూరదేశములకు పోవుటకును, మా పిల్లలు విశాఖపట్టణమున కళాశాలలకు పోయి రాత్రికి ఇల్లు చేరుటకును ఆ యినుపదారియే ఆధారము. ఆ దారి క్రింద ఎవరి చేలున్నవో నేడు చెప్పగలవారు లేరు. కాని చేలున్నవి. మనము కిటికీ ప్రక్కన కూర్చుండి పల్లీలు తినుచు పోవునప్పుడు ఎవరో యొకరి మడిచెక్క మీదుగా పోవుచున్నామనుట నిజము.

ఇతర కార్యములకన్న బాటలకు, రైళ్ళకు ఈ బలవంతపు అధికారము ఎక్కువ అవసరమగుటకు స్పష్టమైన కారణమున్నది. పాఠశాల కట్టదలచినవాడు ఈ చేను దొరకనిచో ఆవలి చేను కొనుక్కొనవచ్చును. రైలుదారి వేయువాడు అట్లు చేయజాలడు. దారి చక్కగా పోవలయును. వంగినను మెల్లగా వంగవలయును. ఎత్తుపల్లములు స్వల్పముగా నుండవలయును. నూఱుమంది రైతులు ఒప్పుకొని, నూటయొకటవవాడు ఒప్పుకొననిచో ముందు వేసిన దారి అంతయు వ్యర్థము. ఆ సంగతి ఎఱిగినవాడు తన పది సెంట్లకు పది యెకరముల వెల అడుగవచ్చును. కావున ఒక్కని మొండితనము నూఱుమందిని బంధింపకుండుటకై చట్టము ఆ యొక్కని నోరు మూయును. ఇంతవఱకు న్యాయమే. చిక్కేమనగా, దురాశతో వెల పెంచువాని నోరు మూయుటకు చేసిన కట్టుబాటు, వెలతో పనిలేక "నా తాత నాటిన చెట్టిది, నేను ఒల్లను" అనువాని నోటిని గూడ అదే బిగువుతో మూయుచున్నది. ఈ యిద్దఱును చట్టపు కంటికి ఒక్కటే.

ఆ యధికారమును మన దేశమున ఎవరు వాడుదురో గూడ తెలిసికొనుట మంచిది. రైలుసంస్థయో మెట్రోసంస్థయో తన పేర భూమిని లాగికొనునని చాలమంది యనుకొందురు. ఇంగ్లండులో కొంతవఱకు అట్లే జరిగినది. అక్కడ ఒక్కొక్క రైలుకంపెనీకి ఒక్కొక్క చట్టమును పార్లమెంటు చేసి, 1845 నాటి భూమి నిబంధనల చట్టము ననుసరించి నిర్బంధముగా కొను శక్తిని ఆ కంపెనీ చేతికే ఇచ్చెడివారు. అమెరికాలో రాష్ట్రశాసనసభలు అనేక రవాణాసంస్థలకు ఆ శక్తిని దత్తము చేసినవి. మన కడ సామాన్యముగా సంస్థ కోరును, ప్రభుత్వము తీసికొనును. హైదరాబాదు మెట్రోకు కావలసిన స్థలమైనను కలెక్టరే ప్రకటన చేసి, విచారించి, వెల కట్టి, స్వాధీనపఱచుకొని అప్పగింపవలయును. ఇందులో నొక మంచి యున్నది: కోరువాడు వేఱు, తీర్పు చెప్పువాడు వేఱు. ఒక చెడుగూడ ఉన్నది. నష్టపడినవాడు సంస్థ నడిగినచో కలెక్టరు కచ్చేరికి పొమ్మందురు. కచ్చేరి నడిగినచో కోరినది సంస్థ కదా యందురు. ఆ రెండు గుమ్మముల నడుమ అరిగిన చెప్పుల వెల ఏ పరిహారపట్టికలోను చేరలేదు.

ఈ యధికారమునకు మూలమెక్కడ? పాశ్చాత్యులలో దీనికి పేరు పెట్టినవాడు హ్యూగో గ్రోషియస్ అను డచ్చి న్యాయవేత్త. 1625లో ప్రకటించిన తన గ్రంథములో, ప్రజల యాస్తిపై రాజ్యమునకు ఒక పైస్వామ్యము కలదని ఆతడు ప్రతిపాదించెను. ఐతే సార్వజనిక ప్రయోజనము కొఱకే దానిని వాడవలయుననియు, కోల్పోయినవానికి నష్టము తీర్పవలయుననియు గూడ ఆతడే చెప్పెను. మన వారు ఇంకొక త్రోవను పోయిరి. జైమిని మీమాంసాసూత్రముల ఆఱవ అధ్యాయమున, సర్వస్వమును దక్షిణగా ఇయ్యవలసిన విశ్వజిద్యాగమును గుఱించి విచారణ వచ్చును. యాగము చేయు రాజు తన రాజ్యములోని భూమినిగూడ దానమీయవచ్చునా? ఈయరాదని సిద్ధాంతము. భూమి యెల్లరికిని సమానమైనది. రాజు పంటను రక్షించుటకు ప్రతిఫలముగా భాగము పొందువాడేగాని నేలకు స్వామి కాడని శబరస్వామి మొదలగువారు వివరించిరి. మనువైనను, అడవి కొట్టి చేను చేసినవానిదే చేను అను పక్షమువాడు. విశ్వకర్మ భౌవనుడను రాజు తన్ను దానము చేయబోగా, ఏ మర్త్యుడును నన్ను ఈయదగడని భూమియే పలికినట్లు బ్రాహ్మణగ్రంథములలో నొక కథ యున్నది. ఆ కథను మా తరగతిలో చెప్పినప్పుడు ఒక బాలిక, "అయితే భూమి కోర్టుకు వెళ్ళిందా మాస్టారూ?" అని యడిగెను. పిల్లల హాస్యములో మనకన్న సత్యమెక్కువ.

నేను ఈ గ్రంథములను తెచ్చుట పూర్వులు గొప్పవారని చాటుటకు కాదు. యాగపు దక్షిణను గుఱించిన విచారణను తెచ్చి మెట్రోరైలుకు అతికించుట పాండిత్యప్రదర్శనమే యగును. నేను చెప్పదలచినది మఱియొక శ్లోకమును గుఱించి. కుటుంబము కొఱకు ఒకనిని, గ్రామము కొఱకు కుటుంబమును, దేశము కొఱకు గ్రామమును విడువవలయునను నీతి మన సభలలో తఱచు వినబడును. భూములు పోవు గ్రామములలో ఉపన్యసించు పెద్దలకు ఇది కంఠపాఠము. "దేశము కొఱకు త్యాగము చేయుడు" అని వారందురు. రెండు సంగతులను వారు మఱతురు. మొదటిది, ఆ శ్లోకమునకు నాలుగవ పాదము గూడ కలదు. ఆత్మ కొఱకు భూమినంతను విడువుమని అందున్నది. అనగా, ఎక్కువమందికై తక్కువమందిని విడుచు లెక్క ఎక్కడికక్కడ చెల్లునని ఆ నీతి యనలేదు; ఒకచోట ఆ లెక్క తలక్రిందగును. రెండవది ఇంకను ముఖ్యము. ఆ శ్లోకములో విడుచువాడెవడు? కులపెద్దయో రాజో. విడువబడినవానికి అందు క్రియయే లేదు. అతడు కర్మకారకము.

త్యాగము అను మాటను మనము పాడుచేసికొనుచున్నది ఇక్కడనే. త్యాగము చేయువాడు కర్త. ఈయకుండుటకు శక్తి కలిగియుండియు ఇచ్చినవాడే త్యాగి. ఈయనని యనుటకు వీలులేక, తీసికొనగా ఊరకున్నవాడు త్యాగి కాడు, ఋణదాత. ఈ భేదము కేవలము మాటలది కాదు. త్యాగికి మనము కృతజ్ఞత చూపుదుము. ఒక సభ, ఒక శాలువ, ఒక శిలాఫలకము, అంతటితో తీఱును. ఋణదాతకు అట్లు తీఱదు. అతనికి లెక్క చెప్పవలయును. దేనికై తీసికొంటిమో దానికే వాడితిమని చూపవలయును. మిగిలినది తిరిగి యీయవలయును. నష్టపడినవారిని త్యాగులని పొగడుట, లెక్క చెప్పకుండుటకు మనము కనిపెట్టిన మర్యాదగల యుపాయమని నాకు తోచుచున్నది.

వెల యిచ్చితిమి గదా, ఋణమెక్కడిదని అడుగవచ్చును. వెల సంగతియే చూతము. 1893లో తెఱవబడిన మా రైలుదారికి నేల తీసికొనునాటికి 1870 నాటి భూసేకరణచట్టము అమలులో నుండెను. మఱుసటి యేడు 1894 చట్టము వచ్చి, సుమారు నూటయిరువది యేండ్లు దేశమును పాలించినది. ఈ చట్టములలో వెల చాలదని న్యాయస్థానమునకు పోవు త్రోవ ఉండెను గాని, "నా నేలయే యెందుకు?" అని యడుగుటకు త్రోవ లేకుండెను. ఆ ప్రశ్నకు తావిచ్చు 5-ఏ సెక్షను 1923లో చేర్పబడినది. అనగా మా రైలు ముప్పదియేండ్లు నడచిన తరువాత గాని ఆ ప్రశ్న అడుగదగినదని ప్రభుత్వమునకు తోచలేదు. ఇక వెల కట్టు విధానములో రెండు సెక్షనులు ప్రక్కప్రక్కనే యున్నవి. ఇరువదిమూడవదానిలో, బలవంతముగా తీసికొనుచున్నందులకు విపణి వెలపై నూటికి పదునైదు చేర్చి యీయవలయునని యున్నది. ఇరువదినాలుగవదానిలో, వెల కట్టునప్పుడు లెక్కింపరాని విషయములను చెప్పుచు, భూమిని విడుచుటకు హక్కుదారునకు గల వైముఖ్యమును లెక్కింపరాదని యున్నది.

ఈ రెండింటిని కలిపి చదివినవానికి చట్టపు మనస్సు తెలియును. నీవు ఒల్లవని మాకు తెలియును, అందులకు నూటికి పదునైదు. నీవు ఎంత గాఢముగా ఒల్లవో మాకు అక్కఱలేదు. ఆ పదునైదు 1984లో ముప్పది యైనది. 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన 2013 నాటి చట్టములో నూఱైనది. గ్రామములలో విపణి వెలను రెండింతల వఱకు హెచ్చవేసి దానిపై ఆ నూఱును కట్టుటచే, పట్టణమునకు దూరమైనకొలది వెల నాలుగింతల వఱకు పోవచ్చును. ఇది పెద్ద సంస్కారమే. దీనిని తక్కువ చేయువాడను కాను. కాని పదునైదు నూఱైనంతమాత్రమున ఒల్లననుటకు వెల కట్టితిమా? అమ్మదలచినవానికి, కొనదలచినవానికి నడుమ కుదురునది విపణి వెల. ఇక్కడ అమ్మదలచినవాడు లేడు. లేని వానిని ఉన్నట్లు ఊహించి, ఆ ఊహాపురుషుడు ఎంతకు అమ్మియుండునో అంత యిచ్చుచున్నాము. గణితములో అట్టి ఊహలు చెల్లును. ఇల్లు విడిచి పోవు ముదుసలికి చెల్లవు.

మన తప్పునుగూడ చెప్పవలయును. విపణి వెలను ప్రభుత్వము ఎట్లు తెలిసికొనును? స్టాంపు లెక్కలనుబట్టియు, ఆ చుట్టుప్రక్కల మూడేండ్లలో రిజిస్టరైన క్రయదస్తావేజులనుబట్టియు. మనము భూములు కొనునప్పుడు స్టాంపు రుసుము మిగులునని సగము వెలయే వ్రాయించి, మిగిలిన సగమును సంచిలో చేర్చి యిచ్చుచుందుము. ఆ సగము వెలయే మఱునాడు ప్రభుత్వము చేతిలో కొలబద్దయై మన చేనికి వచ్చును. అప్పుడు అన్యాయమని మొఱపెట్టుదుము. అబద్ధమాడినవాడు ఒకడు, దాని ఫలమనుభవించు పొరుగువాడు వేఱొకడు అగుటయే ఇందు విషాదము.

ఇప్పుడు హైదరాబాదు సంగతి కొంచెము చెప్పవలయును. ఏలయన తెలుగుదేశమున నగరరవాణాకై ఇండ్లు, అంగళ్ళు పోయిన పెద్ద యుదాహరణము అదియే. అక్కడ మెట్రోరైలు 2017 నవంబరు 28న మియాపూరు, నాగోలుల నడుమ ముప్పది కిలోమీటర్లతో ఆరంభమైనది. పాతబస్తీకి పోవలసిన భాగము మాత్రము ఏండ్ల తరబడి ఆగిపోయెను. మహాత్మాగాంధీ బస్సుస్టేషను నుండి చాంద్రాయణగుట్ట వఱకు ఏడున్నర కిలోమీటర్ల ఆ దారికై ఇరుప్రక్కల ఆస్తులను సేకరింప బూని, 2025 జనవరిలో చదరపు గజమునకు 81 వేల రూపాయల చొప్పున పరిహారపు చెక్కుల నిచ్చుట ఆరంభించిరి. వెల తక్కువని కొందఱందురు, మంచి వెలయే యని కొందఱందురు. ఆ వివాదములోనికి నేను పోను. నా దృష్టిని పట్టినది వేఱొకటి. ఆ దారిలో నూఱుకు పైబడిన ఆలయములు, మసీదులు, దర్గాలు, ఇతర పురాతన కట్టడములు ఉన్నవట. స్తంభముల చోటులను మార్చియు, వంతెన రేఖను సవరించియు వానిని కాపాడుదుమని అధికారులు మాట యిచ్చిరి.

వానిని కాపాడవలసినదే. కాని పైన నేనే వ్రాసిన వాదమును ఒకసారి మఱల చూచుకొనవలసివచ్చినది. రైలుదారి వంగదని, వంగిన కార్యము చెడునని, అందుచేతనే ఒల్లననువాని నోరు మూయవలసివచ్చుచున్నదని చెప్పితిని గదా. వంగదలచినచోట వంగుచున్నదే! నూఱుచోట్ల వంగినదారి నూటయొకటవచోట వంగలేదనుట శాస్త్రవిషయము కాదు, అభిప్రాయవిషయము. దేవుని యిల్లు కూల్చినచో ఊరు ఊరంతయు లేచును. కుట్టుమిషను పెట్టుకొని అద్దెగదిలో బ్రతుకువాని యంగడి కూల్చినచో ఎవరును లేవరు. దారి భయపడినచోట వంగినది. దీనిని నేను అధికారుల దోషముగా చెప్పుట లేదు. భయపెట్టగలిగినవారమైన మనమందఱము దేవునికొఱకు భయపెట్టితిమి, పొరుగువానికొఱకు ఊరకుంటిమి.

విశాఖపట్టణమునకు గూడ మెట్రో రావలెనని చిరకాలపు కోరిక. ఉక్కు కర్మాగారము నుండి కొమ్మాది వఱకును, మఱి రెండు చిన్న దారులును కలిపి 46.23 కిలోమీటర్ల మొదటి దశకు రాష్ట్రప్రభుత్వము 2024 డిసెంబరులో ఆమోదము తెలిపినది. దానికి నేను విరోధిని కాను. గాజువాక దగ్గఱ బస్సులో నిలువబడి చెమటలు క్రక్కినవాడెవడును విరోధి కాజాలడు. కాని ఆ దారి మొదలగుచోటే నాకొక పాఠమును జ్ఞప్తికి దెచ్చును. విశాఖ ఉక్కు కొఱకు 1966లో జరిగిన యుద్యమమున ముప్పదిరెండు మంది ప్రాణములు కోల్పోయిరని చెప్పుకొందుము. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగెను. అరువదికి పైగా గ్రామములవారి సుమారు 22 వేల యెకరములు దానికై పోయెను. దేశపు కర్మాగారము అని చెప్పి తీసికొన్న నేల అది. 2021 జనవరిలో కేంద్రమంత్రివర్గపు సంఘము ఆ సంస్థలోని ప్రభుత్వభాగమంతయు అమ్ముటకు సమ్మతించినప్పుడు, ఆ గ్రామముల ముదుసలులు అడిగిన ప్రశ్నను ఎవరును కాదనలేకపోయిరి: దేశమునకని యిచ్చినదానిని ఇంకొకనికి అమ్మునప్పుడు మమ్ముల నడుగనక్కఱలేదా? 2025 జనవరిలో సంస్థను నిలబెట్టుటకై 11,440 కోట్ల రూపాయల సహాయమును కేంద్రము ప్రకటించినది. దానితో ప్రశ్న వాయిదా పడినదేగాని సమాధానము రాలేదు.

సార్వజనిక ప్రయోజనము అను మాట సేకరించుదినమున ఎంత స్పష్టముగా నుండునో, ఇరువదియేండ్ల తరువాత అంత మసకబాఱును. రవాణాసంస్థలలో ఈ జబ్బు మఱింత సులభముగా ప్రవేశించును. టిక్కెట్ల రాబడితో మెట్రోలు బ్రతుకుట కష్టము. కావున స్టేషనుల చుట్టును అంగళ్ళు, కార్యాలయములు కట్టి ఆ యద్దెలతో నడుపుకొందురు. హైదరాబాదులో డిపోల వద్దను, స్టేషనుల చెంతను 269 ఎకరములను ఇట్టి వాడుకకు నిర్మాణసంస్థ కిచ్చుట ఒప్పందములోని భాగమే. అది చాలవఱకు ప్రభుత్వపు భూమి గనుక అందు గొప్ప తప్పును నేను చూడలేదు. కాని పేదవాని నేలను రైలుకై తీసికొని, రైలు పోగా మిగిలినచోట వస్త్రదుకాణము పెట్టినచో, వాని నోరు మూసినది రైలు కొఱకా, వస్త్రదుకాణము కొఱకా? 2013 చట్టము దీనిని కొంత ఊహించినది. అయిదేండ్లు వాడక వదలిన భూమిని యజమానికో వారి వారసులకో తిరిగి యీయవలయును "లేదా" ప్రభుత్వపు భూనిధిలో చేర్పవలయును అని నూటయొకటవ సెక్షను చెప్పును. నేను వ్యాకరణము చెప్పువాడను గనుక ఆ "లేదా" నా కంట బడినది. ఎన్నుకొను స్వేచ్ఛ తీసికొన్నవానిదే యైనప్పుడు ఆ చిన్న అవ్యయము వాక్యపు మొదటి సగమును మ్రింగివేయును.

అదే చట్టము తెచ్చిన మఱియొక మేలు, తీసికొనుటకు ముందు ఈ కార్యమెంత అవసరము, ఎందఱి బ్రతుకులు చెదరును అని సామాజిక విచారణ చేయవలయుననుట. చదివి సంతోషించితిని. తరువాత నాలుగవ అనుబంధమును చూచితిని. పదుమూడు చట్టములు దీని వెలుపల నుంచబడినవి: 1956 నాటి జాతీయరహదారుల చట్టము, 1978 నాటి మెట్రోరైళ్ళ చట్టము, 1989 నాటి రైల్వేచట్టము అందున్నవి. 2015 నుండి పరిహారము, పునరావాసము వానికిని వర్తించినవి గాని ఆ ముందటి విచారణ వర్తింపలేదు. పై చట్టము క్రిందనే సేకరించు పనులకైనను, తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2018లోను సవరణలు చేసికొని, అనేక నిర్మాణములను ఆ విచారణ నుండి తప్పించుటకు వీలు కల్పించుకొన్నవి. "అవసరమా?" అను ప్రశ్న బాటలకు, రైళ్ళకు ఎదురుగా రాగానే ప్రక్కకు తొలగి దారి యిచ్చుచున్నది. నీవెంత నష్టపడుదువని అడుగుటకు మనకు ఓపిక యున్నది. నీవు లేకుండ ఈ పని జరుగదా యని అడుగుటకు లేదు.

న్యాయస్థానములు మాత్రము ఈ మధ్య కొంత మేలుకొన్నవి. ఆస్తిహక్కు 1978 నాటి నలువదినాలుగవ సవరణముచే ప్రాథమికహక్కుల నుండి తొలగి, 300-ఏ అధికరణములో రాజ్యాంగపు హక్కుగా మిగిలినది. హిమాచలప్రదేశములో 1967-68లో బాటకై ఒక స్త్రీ నేలను ఏ విధానము లేకయే తీసికొనిరి. ఆమె చదువు రాని వితంతువు. ఎనుబదియేండ్ల ప్రాయమున ఆమె సుప్రీంకోర్టు చేరగా, ఇన్నియేండ్లు మా అనుభవములో నున్నది గనుక మాదే యైనదని ప్రభుత్వము వాదించెను. 2020 జనవరిలో కోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి పరిహారమిప్పించినది. కాపాడవలసినవాడు ఆక్రమించుకొని, ఆక్రమణ పాతబడినదని చెప్పుకొనుట! 2024 మేలో కలకత్తా నగరసంస్థకు సంబంధించిన వ్యాజ్యములో, ఆస్తిని తీసికొనుటకు ముందు, తరువాత పౌరునికి ఏడు హక్కులు కలవని సుప్రీంకోర్టు వివరించినది. తెలియజేయవలయును, వినవలయును, కారణము చెప్పవలయును, ప్రజాప్రయోజనముండవలయును, న్యాయమైన పరిహారమీయవలయును, ఆలస్యము చేయరాదు, పనిని ముగింపవలయును. మంచి పట్టిక. ఎనిమిదవది అందు లేదు, ఉండదు గూడ. ఒల్లనను హక్కును చట్టము గుర్తించినచో రైలు నడువదు.

గుర్తింపలేకపోవుట ఒకటి, అట్టిది లేనే లేదనుట ఒకటి. జపానుదేశములో నరితా విమానాశ్రయమును 1966లో నిర్ణయించినప్పుడు అక్కడి రైతులను ముందుగా సంప్రదింపలేదు. ఏండ్లకొలది పోరు జరిగి ఇరుప్రక్కలను ప్రాణనష్టము కలిగినది. 1978లో గాని అది తెఱవబడలేదు. తుదకు 1990 తరువాతి యేండ్లలో ప్రభుత్వమే రైతులతో కూర్చుండి మాటలాడి, బలవంతపు సేకరణను విడిచిపెట్టుటకు ఒప్పుకొని, ప్రధాని క్షమాపణ చెప్పవలసివచ్చెను. మాట మొదట అడుగక పోయినచో, తరువాత ఎంత ఖరీదైన మాటలనైనను చెప్పవలసివచ్చును. ఒక చేను తీసికొనవలసినచో తీసికొందుము గాక; తీసికొనుచున్నామని తెలిసి తీసికొందుము. ఇచ్చినాడని చెప్పకుందుము.

ఈ పత్రికను చదువు గృహిణులు ఇంతవఱకు ఓపికపట్టి యుందురు గనుక వారికి సంబంధించిన ముక్క యొకటి. నష్టపడిన కుటుంబమునకు ఇచ్చు ఇంటిని, స్థలమును భార్యాభర్తల యుమ్మడి పేర నీయవచ్చునని 2013 చట్టపు రెండవ అనుబంధములో నున్నది. ఈయవలయునని కాదు, ఈయవచ్చునని. వితంతువులను, భర్త విడిచినవారిని వేఱు కుటుంబములుగా లెక్కింపవలయునని మాత్రము గట్టిగానే యున్నది. చెక్కు మగవాని పేర వచ్చి, ఆఱు నెలలలో ఒక మోటారుసైకిలుగను, ఒక పెండ్లి ఖర్చుగను, కొంత సారాయిగను మాఱిపోయిన యిండ్లు నేనెఱుగుదును. నేల యున్నంతకాలము ఆ యింటి యిల్లాలికి పెరటిలో ఆనపపాదును, రెండు మేకలును ఉండెడివి. అవి ఆమె యాస్తి యని ఏ కాగితములోను లేదు గాని ఆమె చేతిలో రూపాయి ఆడుట వానివల్లనే. ఉమ్మడి పేరు కావలెనని అడుగుటకు ఎవరి యనుమతియు అక్కఱలేదు. అడుగవలయునని తెలియుట మాత్రమే కావలయును.

సాయంకాలము ఆ కౌలురైతు మఱల వచ్చెను. ఈ లోపల నేను చట్టమును వెదకి యుంచితిని. కౌలుదారులును, వ్యవసాయకూలీలును, మూడేండ్లుగా ఆ నేలపై బ్రతుకుచున్నవారైనచో నష్టపడిన కుటుంబములలోనే లెక్క. అనగా ప్రకటనలో పేరు లేకున్నను చట్టములో అతనికి చోటున్నది. మూడేండ్లని చూపుటెట్లు? కౌలు మాటమీద నడచినది, కాగితము లేదు. సాగుదారుల హక్కులకై మన రాష్ట్రమున 2019లో వచ్చిన చట్టము క్రింద కార్డు పొందవచ్చునన్నను దానికి భూస్వామి యొప్పుదల కావలసివచ్చెను. ఆయన ఒప్పుకొనలేదు, ఇతడు రెండవసారి అడుగలేదు. ఎరువుల కొట్టు రసీదులు కొన్ని, చెఱకు తోలిన చీటీలు కొన్ని అట్టపెట్టెలో ఉన్నవనెను. తెమ్మంటిని. వానిని వరుసగా పేర్చి ఆక్షేపణ వ్రాయుటకు కూర్చుంటిమి.

సర్వే నంబరు, సాగుచేసిన యేండ్లు, పండించిన పైరులు, కుటుంబములోని వారి వయస్సులు, కోరు పునరావాసము అన్నియు వ్రాసి చదివి వినిపించితిని. అతడు శ్రద్ధగా విని, "అంతా బాగున్నాది బాబూ. నాకిష్టం లేదన్న మాట రాసినారా?" అనెను. ఆ మాటకు ఈ కాగితములో విలువ లేదనియు, విచారించువారు దానిని లెక్కలోనికి తీసికొనరనియు చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "విలువ లేకపోతే లేకపోనీండి. రాయండి," అనెను.

కడపటి పంక్తిగా దానిని వ్రాసితిని. అతడు సంతకము చేయనేర్చినవాడే యైనను, ఆ పంక్తి క్రిందనే వ్రేలిముద్రగూడ వేసి, కాగితమును మడవక చేతిలో చాచి పట్టుకొని వెళ్ళెను.